సెప్టెంబర్ హడావిడితో గట్టెక్కుదామంటే కుదరదు.. ఆడిట్‌కు కంపెనీ ఎలా సిద్ధం కావాలి? అసలు చిక్కు ఎక్కడుంది?

ప్రతి ఏటా ఇదే సీన్. మార్చి 31తో ఆర్థిక సంవత్సరం ముగుస్తుంది. ఏప్రిల్, మే, జూన్ ఇట్టే గడిచిపోతాయి. ఆగస్టు వచ్చేసరికి ఆడిటర్ నుంచి ఫోన్లు మొదలవుతాయి. అప్పుడు అకౌంటెంట్ బీరువా తెరుస్తాడు. బిల్లులు వెతుకుతాడు. సస్పెన్స్ ఖాతాలో పడేసిన ఎంట్రీలను ఎక్కడో ఒకచోట సర్దేస్తాడు. సెప్టెంబర్ చివరి వారంలో సంతకాలు పడిపోతాయి. అమ్మయ్య, ఈ ఏడాదికి గండం గడిచింది అనుకుంటారు.

ఇన్నాళ్లూ చాలా చిన్న, మధ్య తరహా కంపెనీల్లో ఇలాగే నడిచింది. ఇప్పుడు మాత్రం కష్టం. ఎందుకంటే రూల్స్ మారాయి, ఆడిటర్ల మీద నిఘా పెరిగింది, సాఫ్ట్‌వేర్ కూడా మాట వినడం మానేసింది. ఇది యజమానులు, సీఏల మధ్య వ్యవహారమే కదా, మాకేంటి అనుకోవద్దు. కంపెనీకి బ్యాంకు లిమిట్ రెన్యువల్ కావాలన్నా, సరుకు అప్పిచ్చిన వ్యాపారికి నమ్మకం కలగాలన్నా, ఉద్యోగికి జీతం, పీఎఫ్ సక్రమంగా అందుతున్నాయో లేదో తేలాలన్నా.. అందరూ చూసేది ఆడిట్ అయిన లెక్కలనే.

ముందు బేసిక్స్ చూద్దాం

కంపెనీల చట్టం 2013 ప్రకారం రిజిస్టర్ అయిన ప్రతి కంపెనీకీ ఆడిట్ తప్పనిసరి. లాభం వచ్చిందా, నష్టం వచ్చిందా అన్నది ప్రశ్నే కాదు. ఏడాదంతా ఒక్క బిల్లు కొట్టకపోయినా సరే, ఆడిట్ చేయించాల్సిందే. కంపెనీ పెట్టిన 30 రోజుల్లో డైరెక్టర్ల బోర్డు మొదటి ఆడిటర్‌ను నియమించాలి. ఆ తర్వాత వార్షిక సర్వసభ్య సమావేశంలో, అంటే ఏజీఎంలో 5 ఏళ్ల కాలానికి నియామకం జరుగుతుంది.

ఆర్థిక సంవత్సరం ముగిసిన 6 నెలల్లో ఏజీఎం జరగాలి. అంటే సెప్టెంబర్ 30 గడువు. అక్కడే చాలామంది లెక్క తప్పుతున్నారు. సమావేశానికి సాధారణంగా 21 రోజుల ముందు నోటీసు వెళ్లాలి, దాంతో పాటే ఆడిట్ అయిన ఖాతాలూ వెళ్లాలి. అంటే సెప్టెంబర్ మొదటి వారానికే సంతకాలు పూర్తి కావాలి. ఆడిటర్ పనికి కనీసం కొన్ని వారాలు వేసుకుంటే, కంపెనీ తన పుస్తకాలను జూన్, జులై నాటికే మూసి చేతికివ్వాలన్న మాట. ఆగస్టులో బీరువా తెరిచేవాళ్లు అప్పటికే ఆలస్యమైపోయారు.

ఏజీఎం అయిన 30 రోజుల్లో ఖాతాలను రిజిస్ట్రార్ దగ్గర దాఖలు చేయాలి. వార్షిక రిటర్నుకు 60 రోజులు టైమ్ ఉంటుంది. గడువు దాటితే ఒక్కో ఫారానికి రోజుకు రూ.100 చొప్పున అదనపు ఫీజు పెరుగుతూ పోతుంది. 

హైదరాబాద్ మర్చిపోలేని పాఠం

స్వతంత్ర ఆడిట్ ఎందుకు ముఖ్యమో తెలుగువాళ్లకు ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు. 2009 జనవరి 7. సత్యం కంప్యూటర్స్ చైర్మన్ రామలింగరాజు రాసిన ఒక్క లేఖతో దేశమంతా ఉలిక్కిపడింది. 2008 సెప్టెంబర్ 30 నాటి ఖాతాల్లో నగదు, బ్యాంకు నిల్వల కింద రూ.5,361 కోట్లు చూపితే, అందులో రూ.5,040 కోట్లు అసలు లేనే లేవని ఆ లేఖ బయటపెట్టింది. ఆ ఒక్క రోజులో షేరు దాదాపు 78 శాతం పడిపోయింది. వేలాది ఉద్యోగుల ఇళ్లలో ఆ రాత్రి నిద్ర లేదు.

ఇక్కడ గమనించాల్సిన పాయింట్ ఏంటంటే.. మాయమైంది ఏదో అర్థంకాని లెక్క కాదు. బ్యాంకులో డబ్బు. బ్యాంకుకు నేరుగా రాసి, మీ దగ్గర ఎంత ఉందని అడిగితే తేలిపోయే విషయం. అలా అడిగే లేఖలు పంపడం, వాటికి వచ్చే జవాబులు అందుకోవడం ఆడిటర్ చేతిలో ఉండాలి. కానీ వాటిని కంపెనీ చేతికే వదిలేశారని అమెరికా నియంత్రణ సంస్థలు తప్పుపట్టాయి. 2011లో ప్రైస్ వాటర్‌హౌస్ భారతీయ సంస్థలు మొత్తం 75 లక్షల డాలర్లు చెల్లించి ఆ కేసును సెటిల్ చేసుకున్నాయి. ఇక్కడ 2015 ఏప్రిల్ 9న హైదరాబాద్ ప్రత్యేక కోర్టు రామలింగరాజుతో పాటు మొత్తం 10 మందికి ఏడేళ్ల జైలు శిక్ష విధించింది. వారిలో ఇద్దరు ఆడిట్ సంస్థ మాజీ భాగస్వాములు. తర్వాత అప్పీలుపై ఆ శిక్ష అమలు నిలిచింది.

అందుకే ఇప్పుడు ఆడిటర్ మీ బ్యాంకుకు, మీ కస్టమర్‌కు నేరుగా లేఖ రాస్తానంటే చిన్నబుచ్చుకోవద్దు. మా మీద నమ్మకం లేదా అని అడగొద్దు. నమ్మకం ఉన్నా సరే, విడిగా ధ్రువీకరించుకోవడమే ఆయన ఉద్యోగం.

దొంగ లెక్కలే కాదు.. ఆలస్యం కూడా ముంచుతుంది

తప్పు చేస్తేనే ప్రమాదం అనుకుంటే పొరపాటు. సిద్ధంగా లేకపోయినా ప్రమాదమే. బైజూస్ వ్యవహారమే చూడండి. 2021-22 ఆర్థిక సంవత్సరం ఖాతాలు బాగా ఆలస్యమయ్యాయని, ఆడిట్ మొదలుపెట్టలేకపోయామని చెప్పి 2023 జూన్‌లో డెలాయిట్ తప్పుకుంది. అదే సమయంలో పెద్ద ఇన్వెస్టర్ల తరఫున ఉన్న ముగ్గురు డైరెక్టర్లూ బోర్డు నుంచి బయటికొచ్చారు. 2024 జులైలో కంపెనీ దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. కొత్త ఆడిటర్ కూడా అదే ఏడాది సెప్టెంబర్‌లో వెళ్లిపోయారు.

ఆ కంపెనీ కష్టాలన్నిటికీ ఆడిట్ ఆలస్యమే కారణం అనడం సరికాదు. కానీ బయటివాళ్లకు మొదట వినిపించిన గంట అదే. లెక్కలు టైమ్‌కు రాని కంపెనీ విషయంలో అప్పిచ్చినవాడు, పెట్టుబడి పెట్టినవాడు మంచి ఊహించడు. ఇంకేదో ఉందనే అనుమానిస్తాడు.

మన సీఏనే కదా.. అంటే కుదరదు

ఇక అసలు చిక్కు దగ్గరికి వద్దాం. చాలా చిన్న కంపెనీల్లో పుస్తకాలు రాసేది, జీఎస్టీ వేసేది, బ్యాంకు ప్రాజెక్టు రిపోర్టు తయారుచేసేది, చివరికి ఆడిట్ సంతకం పెట్టేది.. అంతా ఒకే ఆఫీసు. యజమానికి అది సౌకర్యం. ఫీజు కలిసొస్తుంది. కానీ తను రాసిన పరీక్ష పేపర్‌ను తనే దిద్దుకుంటే మార్కులకు విలువ ఏముంటుంది?

చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. సెక్షన్ 144 ప్రకారం ఆడిటర్ తను ఆడిట్ చేసే కంపెనీకి ఖాతాలు రాయకూడదు. ఇంటర్నల్ ఆడిట్ చేయకూడదు. ఆర్థిక సమాచార వ్యవస్థను డిజైన్ చేసి పెట్టకూడదు. మేనేజ్‌మెంట్ సేవలు అందించకూడదు. సెక్షన్ 141 ఇంకో గీత గీసింది. కంపెనీలో షేర్లున్నా, కంపెనీ ఉద్యోగి అయినా, కంపెనీతో వ్యాపార బంధం ఉన్నా ఆడిటర్‌గా పనికిరారు. డైరెక్టర్‌గా లేదా కీలక ఉన్నతోద్యోగిగా దగ్గరి బంధువు ఉన్నా అంతే.

అంటే సిద్ధం కావడంలో మొదటి మెట్టు పుస్తకాలు కాదు. ఎవరు ఏ పని చేస్తున్నారో తేల్చుకోవడం. పుస్తకాలు రాసేవాళ్లు వేరు, వాటిని పరీక్షించేవాళ్లు వేరు. ఇప్పటిదాకా రెండూ ఒక్క ఆఫీసే చూస్తుంటే, కొత్త ఏడాది మొదలవకముందే మార్చుకోవాలి.

సాఫ్ట్‌వేర్ అన్నీ రాసుకుంటోంది.. జాగ్రత్త!

2023 ఏప్రిల్ 1 నుంచి పెద్ద మార్పు వచ్చింది. అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ వాడే ప్రతి కంపెనీ, ఆడిట్ ట్రయల్ ఉన్న సాఫ్ట్‌వేర్‌నే వాడాలి. అంటే ప్రతి లావాదేవీ నమోదు కావాలి. తర్వాత ఎవరైనా మారిస్తే ఆ మార్పు తేదీతో సహా ఎడిట్ లాగ్‌లో పడాలి. ఆ ఫీచర్‌ను ఆఫ్ చేసే వీలు ఉండకూడదు. ఏడాది పొడవునా అది పనిచేసిందా, ఎవరైనా దాన్ని కెలికారా అన్నది ఆడిటర్ తన రిపోర్టులో రాయాలి.

పాత రోజుల్లో చిట్టా, ఆవర్జా చేత్తో రాసేటప్పుడు కొట్టివేతలు కంటికి కనపడేవి. కంప్యూటర్ వచ్చాక ఆ జాడ పోయింది. ఆగస్టులో కూర్చుని గత అక్టోబర్ ఎంట్రీని మార్చినా ఎవరికీ తెలిసేది కాదు. ఇప్పుడు ఆ కొట్టివేతలు మళ్లీ కనపడుతున్నాయి, అంతే తేడా.

అలాగని తప్పు దిద్దుకోవడం నేరం కాదు. పొరపాటు ఎవరైనా చేస్తారు. ఎందుకు మార్చారో ఒక నోట్, దానికి ఆధారం, అనుమతి ఇచ్చినవాళ్ల పేరు ఉంటే చాలు. ప్రమాదమల్లా కారణం చెప్పలేని మార్పులు గుట్టగా ఉన్నప్పుడే. మార్చి నెల ఎంట్రీలు వందల సంఖ్యలో ఆగస్టు చివరి వారంలో మారాయంటే ఆడిటర్ మొదటి ప్రశ్న అక్కడి నుంచే వస్తుంది.

బ్యాంకుకు ఒక లెక్క.. పుస్తకంలో ఇంకో లెక్కా?

ఒక ఉదాహరణ అనుకుందాం. గుంటూరులో మిర్చి వ్యాపారం చేసే కంపెనీ. బ్యాంకు నుంచి రూ.6 కోట్ల వర్కింగ్ క్యాపిటల్ లిమిట్ ఉంది. సరుకు కోల్డ్ స్టోరేజీల్లో ఉంటుంది. డిసెంబర్ చివర బ్యాంకుకు ఇచ్చిన స్టాక్ స్టేట్‌మెంట్‌లో రూ.8 కోట్ల సరుకు చూపించారు. కంపెనీ పుస్తకాల్లో మాత్రం అదే తేదీకి రూ.6.5 కోట్లే ఉంది. ఆ రూ.1.5 కోట్ల తేడా ఎక్కడిది?

గతంలో ఈ ప్రశ్న ఎవరూ గట్టిగా అడిగేవాళ్లు కాదు. ఇప్పుడు అడుగుతారు. 2021-22 నుంచి అమల్లో ఉన్న కారో 2020 ఉత్తర్వు ప్రకారం, స్టాక్, బాకీల తనఖాపై రూ.5 కోట్లకు మించిన లిమిట్ ఉంటే, బ్యాంకుకు ఇచ్చిన త్రైమాసిక స్టేట్‌మెంట్లు పుస్తకాలతో సరిపోలాయో లేదో ఆడిటర్ చెప్పాల్సిందే. చాలా చిన్న కంపెనీలకు ఈ ఉత్తర్వు నుంచి మినహాయింపు ఉంది. మిగతావాళ్ల విషయంలో ఆ ఒక్క వాక్యాన్ని రేపు బ్యాంకు మేనేజర్ చదువుతాడు. లిమిట్ రెన్యువల్ ఫైల్ అక్కడే ఆగుతుంది.

పైగా మిర్చికి మార్చి నెలాఖరు అంటే సీజన్ మధ్యలో ఉన్నట్టు. సరుకు వస్తూ పోతూ ఉంటుంది. మార్చి 31 సాయంత్రానికి ఏ కోల్డ్ స్టోరేజీలో ఎన్ని టిక్కీలు ఉన్నాయో ఆ రోజే లెక్కపెట్టించి, నిర్వాహకుల సంతకంతో కాగితం తీసుకోవాలి. ఆడిటర్‌ను ఆ లెక్కింపుకు ముందే పిలవాలి. జులైలో గుర్తొచ్చి రాసుకున్న లెక్కకు విలువ ఉండదు. అప్పటికి సరుకే ఉండదు!

మరి ఏం చేయాలి? ఈ పనులు ముందే ముగించండి

బ్యాంకు: ప్రతి ఖాతాకు నెలనెలా పుస్తకాన్ని, స్టేట్‌మెంట్‌ను సరిపోల్చండి. వాడకంలో లేని ఖాతాలను కూడా వదలొద్దు. ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదులు ఒకచోట పెట్టండి. నెలల తరబడి పాస్ కాని చెక్కులుంటే కారణం రాసిపెట్టండి.

రావాల్సిన బాకీలు: ఎవరు ఎంత ఇవ్వాలి, ఎన్నాళ్లుగా ఇవ్వట్లేదు అన్న పట్టిక కావాలి. 6 నెలల లోపు, ఏడాది లోపు, 2 ఏళ్లు, 3 ఏళ్లు అని విడగొట్టి ఖాతాల్లో చూపాలన్నది 2021 నుంచి వచ్చిన రూల్. మూడేళ్లుగా ఫోన్ ఎత్తని పార్టీ బాకీని ఆస్తిగా చూపించి మురిసిపోతే లాభం లేదు.

ఇవ్వాల్సిన బాకీలు: మీకు సరుకు ఇచ్చినవాళ్లలో సూక్ష్మ, చిన్న తరహా సంస్థలు ఎవరో ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చూసి గుర్తించండి. రాతపూర్వక ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలి. ఆ గడువులోగానూ, ఆ ఏడాది ముగిసేలోగానూ చెల్లించకపోతే ఆ ఏడాది ఆ ఖర్చును ఆదాయపు పన్ను లెక్కలో తగ్గించుకోనివ్వరు. 2023-24 నుంచి ఈ నిబంధన చాలామందికి షాక్ ఇచ్చింది.

అమ్మకాల తేదీ: మార్చి 31న బిల్లు కొట్టి, ఏప్రిల్ 3న లారీ ఎక్కించిన సరుకు ఏ ఏడాది అమ్మకం? టార్గెట్ కోసం తోసేసిన బిల్లులు ఈ తేదీల దగ్గరే పట్టుబడతాయి. మార్చి చివరి వారం, ఏప్రిల్ మొదటి వారం బిల్లులు, డెలివరీ చలానాలు, ఈ-వే బిల్లులు పక్కపక్కన పెట్టి మీరే ముందు చూసుకోండి.

ప్రభుత్వ బకాయిలు: జీఎస్టీ రిటర్నుల్లో చూపిన అమ్మకాలు, పుస్తకాల్లో అమ్మకాలు ఒకటేనా? టీడీఎస్ కట్టారా? ఉద్యోగుల జీతం నుంచి కోసిన పీఎఫ్ మరుసటి నెల 15లోగా జమ చేశారా? ఉద్యోగి వాటాను గడువు దాటాక కడితే పన్ను మినహాయింపు రాదని 2022 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు తేల్చేసింది.

ఆస్తులు: యంత్రాలు, వాహనాలు, కంప్యూటర్ల రిజిస్టర్ తీసి, అవి నిజంగా ఉన్నాయో లేదో తిరిగి చూడండి. స్థలం కంపెనీ డబ్బుతో కొని డైరెక్టర్ పేరు మీద రిజిస్టర్ చేయిస్తే, దాన్ని విడిగా వెల్లడించాల్సిందే.

సొంతవాళ్లతో లావాదేవీలు: డైరెక్టర్లు, వాళ్ల కుటుంబ సభ్యులు, వాళ్ల మిగతా సంస్థలు.. ఎవరికి ఎంత వెళ్లింది, ఎంత వచ్చింది? కుటుంబ కంపెనీల్లో ఎక్కువ తలనొప్పి ఇక్కడే. ఇంటి పెళ్లి ఖర్చు కంపెనీ ఖాతాలో పడితే అది కంపెనీ ఖర్చు అయిపోదు. డైరెక్టర్‌కు ఇచ్చిన అప్పు సెక్షన్ 185 కిందికి వస్తుందేమో ముందే చూసుకోవాలి.

కాగితాలు: బోర్డు మినిట్స్, లోన్ ఒప్పందాలు, లీజులు, కోర్టు కేసులు, పన్ను నోటీసులు ఒక ఫోల్డర్‌లో పెట్టండి. నోటీసు వచ్చిందన్న విషయం ఆడిటర్‌కు సంతకం పెట్టే రోజు తెలిస్తే మొత్తం మళ్లీ మొదటికొస్తుంది.

వీటన్నిటికీ కంపెనీలో ఒక్క మనిషిని బాధ్యుడిగా పెట్టండి. ఆడిటర్ ఏం అడిగారు, ఎప్పుడు ఇచ్చాం, ఇంకేం మిగిలింది అన్న జాబితా ఆ మనిషి దగ్గర ఉండాలి. నలుగురు నాలుగు జవాబులు చెబితే అనుమానం పెరుగుతుంది, పని పెరుగుతుంది, చివరికి ఫీజూ పెరుగుతుంది.

రిపోర్టులో ఒక్క మాట.. అర్థం ఎంతో తేడా

ఆడిట్ అయిపోయింది అంటే సరిపోదు. ఏ రకం అభిప్రాయం వచ్చిందన్నదే ముఖ్యం. లెక్కలు నిజాయితీగా, సరిగ్గా ఉన్నాయంటే క్లీన్ రిపోర్టు. ఒకటి రెండు విషయాలు తప్ప మిగతాది బాగుందంటే క్వాలిఫైడ్ రిపోర్టు. లెక్కల మీదే నమ్మకం పెట్టుకోలేని స్థాయిలో తప్పులుంటే ప్రతికూల అభిప్రాయం. అసలు ఆధారాలే ఇవ్వలేదు, ఏమీ చెప్పలేను అంటే అభిప్రాయ నిరాకరణ. ఈ చివరిది చాలాసార్లు మోసం వల్ల కాదు, కాగితాలు దొరక్క వస్తుంది. అంటే సిద్ధంగా ఉండి ఉంటే తప్పేదే!

ఇంకో విషయం గుర్తుంచుకోండి. ఉద్యోగులు లేదా అధికారులు కంపెనీని మోసం చేశారని ఆడిటర్‌కు తెలిస్తే, మొత్తం రూ.కోటి లేదా అంతకు మించితే కేంద్ర ప్రభుత్వానికి రిపోర్టు చేయాలి. అంతకన్నా తక్కువైతే బోర్డుకు చెప్పాలి. మన మధ్యే ఉంచుకుందాం అని బతిమాలే అవకాశం చట్టం ఆయనకు ఇవ్వలేదు. 2018 అక్టోబర్‌లో ఏర్పడిన ఎన్‌ఎఫ్‌ఆర్‌ఏ.. లిస్టెడ్, పెద్ద కంపెనీల ఆడిటర్లపై విచారణ జరిపి జరిమానాలు, నిషేధాలు వేస్తోంది. ఆ భయం ఆడిట్ వృత్తి మొత్తం మీద కనిపిస్తోంది.

అలాగే బాధ్యత ఆడిటర్‌దే అని తప్పించుకోవడానికీ లేదు. లెక్కలు తయారుచేసేది, ఆమోదించేది డైరెక్టర్లు. వరుసగా 3 ఆర్థిక సంవత్సరాలు ఖాతాలు లేదా రిటర్నులు దాఖలు చేయకపోతే ఆ కంపెనీ డైరెక్టర్లపై 5 ఏళ్ల అనర్హత పడుతుంది. 2017లో ఇలా 3 లక్షలకు పైగా డైరెక్టర్లపై వేటు పడింది. వారిలో పేరు ఇచ్చి సంతకం పెట్టిన భార్యలు, తమ్ముళ్లు, స్నేహితులు ఎందరో ఉన్నారు.

సామాన్యుడు ఏం చూడాలి?

మీరు ఉద్యోగి అయినా, ఒక కంపెనీకి సరుకు ఇస్తున్నా ఈ చిన్న పనులు చేయొచ్చు. కార్పొరేట్ వ్యవహారాల శాఖ పోర్టల్‌లో కంపెనీ పేరు కొడితే చివరి ఏజీఎం ఎప్పుడు జరిగింది, చివరి బ్యాలెన్స్ షీట్ ఏ తేదీది అన్నది ఉచితంగా కనపడుతుంది. కొద్దిపాటి ఫీజు కడితే ఆడిట్ రిపోర్టే చూడొచ్చు. రిపోర్టు మీద 18 అంకెల, అక్షరాల యూడీఐఎన్ నంబర్ ఉంటుంది. ఐసీఏఐ వెబ్‌సైట్‌లో దాన్ని కొడితే ఆ సంతకం నిజంగా సీఏదో కాదో తేలుతుంది. రెండేళ్లుగా ఖాతాలు వేయని కంపెనీకి లక్షల సరుకు అప్పు పెట్టే ముందు ఆలోచించుకోవడం మీ చేతిలో ఉంది.

చివరిగా..

చిన్న కంపెనీల బాధ కూడా వినాల్సిందే. పది మంది పనిచేసే చోట అకౌంటెంట్ ఒకరు, సాఫ్ట్‌వేర్ ఖర్చు, ఆడిట్ ఫీజు, పైగా ఇన్ని ఫారాలు. భారం నిజమే. కానీ పైన చెప్పిన పనుల్లో ఆడిటర్ కోసం మాత్రమే చేసేది ఏముంది? బ్యాంకులో ఎంత ఉంది, గోదాములో ఎంత ఉంది, ఎవరు ఎంత ఇవ్వాలి, మనం ఎవరికి ఎంత ఇవ్వాలి.. ఇవి తెలియకుండా యజమాని వ్యాపారం ఎలా చేస్తున్నాడు అన్నదే అసలు ప్రశ్న.

నెలకు ఒక రోజు కేటాయించి ఈ నాలుగు లెక్కలు చూసుకునే కంపెనీకి సెప్టెంబర్ అంటే భయం ఉండదు. ఏడాదికి ఒక్కసారి చూసుకునే కంపెనీకి మాత్రం ప్రతి సెప్టెంబర్ గండమే. ఆ గండంలో ముందుగా నలిగేది యజమాని కాదు. నెలాఖరు జీతం మీద ఆధారపడ్డ ఉద్యోగులు, బిల్లు డబ్బుల కోసం ఎదురుచూసే చిన్న వ్యాపారులే.